అమెరికాలో 65 దాటిన అమ్మానాన్నలు: మెడికెయిడ్, మెడికేర్ సాయం చేజారకుండా ఏం చూసుకోవాలి?

పాతపోస్టుడబ్బా

ఆదాయం తక్కువున్న పెద్దవాళ్లకి మెడికెయిడ్ (తక్కువ ఆదాయం ఉన్నవాళ్లకి ప్రభుత్వం ఇచ్చే వైద్య బీమా) పోయేది చాలాసార్లు అర్హత లేక కాదు, కవరు తెరవక. కోవిడ్ రోజుల్లో ఎవరినీ తీసేయకూడదన్న నిబంధన 2023 మార్చి 31తో ముగిసింది. ఆ తర్వాత జరిగిన ఏరివేతలో దేశం మొత్తం మీద రెండున్నర కోట్ల మందికి పైగా కవరేజీ పోయింది. వాళ్లలో పదిమందికి దాదాపు ఏడుగురి ఫైలు మీద రాసిన కారణం "ప్రొసీజరల్". అంటే ఫారం తిరిగి రాలేదు, చిరునామా మారింది, సంతకం లేదు. అర్హత ఉందా లేదా అన్నది ఎవరూ చూడనే లేదు.

ముందు ఏ సాయం ఏ ఆఫీసు చేతిలో ఉందో విడదీసుకుందాం. మెడికేర్ (ముఖ్యంగా 65 దాటినవాళ్లకి ఇచ్చే వైద్య బీమా) ఫెడరల్ ప్రభుత్వానిది, పేరు చేర్చుకునేది సోషల్ సెక్యూరిటీ ఆఫీసు. మెడికెయిడ్‌ని రాష్ట్రం నడుపుతుంది, కౌంటీ ఆఫీసో స్టేట్ ఆఫీసో చూస్తుంది. మెడికేర్ ప్రీమియం కట్టిపెట్టే మెడికేర్ సేవింగ్స్ ప్రోగ్రామ్ (ఇక్కడ్నుంచి ఎంఎస్‌పీ అంటాను) పేరులో మెడికేర్ ఉన్నా, అప్లికేషన్ ఇవ్వాల్సింది మెడికెయిడ్ ఆఫీసులో. మందుల ఖర్చు తగ్గించే ఎక్స్‌ట్రా హెల్ప్ మళ్లీ సోషల్ సెక్యూరిటీ దగ్గర. ఇల్లు మారినప్పుడు ఒకచోట చిరునామా మారిస్తే ఇంకోచోట దానంతటది మారదు.

65 దాటినవాళ్లకి మెడికెయిడ్ రెన్యువల్ ఏడాదికోసారి. రాష్ట్రం ముందు తన దగ్గరున్న లెక్కలతోనే రెన్యూ చేయడానికి చూస్తుంది. కుదరకపోతే ఇంటికి ప్యాకెట్ వస్తుంది. అది తెరవగానే చూడాల్సినవి: గడువు తేదీ, కేసు నంబరు, సంతకం పేజీ. సంతకం పేజీ చాలా ఫారాల్లో వెనక ఎక్కడో, హక్కులూ బాధ్యతలూ అని చిన్న అక్షరాల్లో ఉండే పేజీ తర్వాత ఉంటుంది. ముందున్న పేజీలన్నీ శ్రద్ధగా నింపి ఆ ఒక్కటీ వదిలేస్తే ఫారం ఇవ్వనట్టే లెక్క. మార్పేమీ లేకపోయినా ఫారం పంపాల్సిందే. "నిరుటి లాగే ఉంది కదా" అని పక్కన పెట్టేయకూడదు.

అన్నిటికన్నా పనికొచ్చేది ఇంకొకటి. మెడికెయిడ్ ఆఫీసులో కొడుకునో కూతురినో ఆథరైజ్డ్ రిప్రజెంటేటివ్‌గా రాయిస్తే నోటీసుల కాపీ వాళ్లకీ పంపమని అడగొచ్చు, వాళ్లే ఫోన్ చేసి మాట్లాడొచ్చు. ఆ కాగితం సోషల్ సెక్యూరిటీలో చెల్లదు. అక్కడ ఎస్ఎస్ఏ-1696 ఫారం వేరే ఇవ్వాలి. లాయరు దగ్గర రాయించుకున్న పవర్ ఆఫ్ అటార్నీని సోషల్ సెక్యూరిటీ గుర్తించదు, చాలామంది అక్కడే ఆగిపోతారు. మెడికేర్ ఫోన్ లైన్‌లో మీతో మాట్లాడాలంటే మూడో కాగితం, సీఎంఎస్-10106.

మిగతా సంగతులు తెలిసినవాళ్లు కలపండి. సొంత కథలు వద్దు, నిబంధనలూ అంకెలూ చాలు.

నల్లపూస

మొదటి సందేహం నాదే. గ్రీన్ కార్డు మీద వచ్చి మూడేళ్లయిన తల్లి, వయసు 67, ఇక్కడ ఉద్యోగం చేయలేదు. పిల్లలు పదిహేనేళ్లుగా సోషల్ సెక్యూరిటీ టాక్స్ కడుతున్నారు. పిల్లల 40 క్వార్టర్లు (పని చేసి ఆ టాక్స్ కట్టినందుకు జమయ్యే లెక్క, ఏడాదికి నాలుగు దాకా) మెడికేర్ కోసం తల్లికి పనికొస్తాయని గట్టిగా చెప్పేవాళ్లున్నారు. నిజమేనా?

లెక్కలపుస్తకం

కాదండీ. పెద్దవాళ్లకి పనికొచ్చేవి వాళ్ల సొంత క్వార్టర్లు, భార్యాభర్తల్లో ఒకరివి మరొకరికి. అంతవరకే. తల్లిదండ్రులవి పిల్లలకి లెక్కలోకొచ్చే సందర్భం ఉంది (పిల్లలు 18 ఏళ్లలోపు ఉన్నప్పుడు సంపాదించినవి), పిల్లలవి తల్లిదండ్రులకి రావు. ఇండియాలో ముప్ఫై ఏళ్లు పీఎఫ్ కట్టిన సర్వీసూ కలవదు. కొన్ని దేశాలతో అమెరికాకి ఉన్న టోటలైజేషన్ (రెండు దేశాల సర్వీసూ కలిపి లెక్కేసే) ఒప్పందం మనకి లేదు.

ఆవిడ విషయంలో వరస ఇది. ఉద్యోగ చరిత్ర లేని గ్రీన్ కార్డుదారు 65 నిండాక, ఇక్కడ వరసగా ఐదేళ్లు నివాసం ఉంటే మెడికేర్ కొనుక్కోవచ్చు. ఐదేళ్లు పూర్తయ్యే నెల, దానికి ముందు మూడు, తర్వాత మూడు, మొత్తం ఏడు నెలల కిటికీ. అది దాటితే పార్ట్ బీ (మెడికేర్‌లో డాక్టర్ల ఖర్చు చూసే భాగం, ఆసుపత్రిది పార్ట్ ఏ) మీద ప్రతి పూర్తి 12 నెలల ఆలస్యానికి 10 శాతం జరిమానా, అదీ ఉన్నన్నాళ్లూ.

2026 ధరలు: పార్ట్ బీ నెలకి 202.90 డాలర్లు. పార్ట్ ఏ, 30 క్వార్టర్ల కంటే తక్కువుంటే 565, 30 నుంచి 39 ఉంటే 311, 40 ఉంటే ఉచితం. పార్ట్ ఏ లేకుండా పార్ట్ బీ ఒక్కటే కొనొచ్చు. పార్ట్ ఏని డబ్బు పెట్టి కొనాలంటే మాత్రం పార్ట్ బీ తప్పదు. బీ ఒక్కటే ఉంటే డాక్టర్లు, టెస్టులు కవర్ అవుతాయి, ఆసుపత్రిలో చేరితే గది ఖర్చు కాదు. పార్ట్‌టైమ్ పని చేయగలిగినవాళ్లు ఒకటి గుర్తుపెట్టుకోండి: 2026లో ఒక క్వార్టరుకి 1,890 డాలర్ల సంపాదన చాలు, ఏడాదికి నాలుగుకి మించి రావు. అదంతా ఒకే నెలలో సంపాదించినా ఫర్వాలేదు.

వీధిబడి

మూడో ఏడాదిలో ఉన్న ఆవిడకి ఇప్పటికిప్పుడు ఏముందో కూడా చెప్పాలి కదా. 1996 చట్టం ప్రకారం గ్రీన్ కార్డు వచ్చాక మొదటి ఐదేళ్లు ఫెడరల్ డబ్బుతో పూర్తి మెడికెయిడ్ లేదు. మిగతా అర్హతలుంటే ఎమర్జెన్సీ మెడికెయిడ్ మాత్రం ఉంటుంది. న్యూయార్క్ లాంటి రాష్ట్రాలు తమ సొంత డబ్బుతో ఐదేళ్లలోపు వాళ్లకీ ఇస్తాయి. కాబట్టి "గ్రీన్ కార్డుకి ఐదేళ్లు కాలేదు, రాదు" అని వేరే రాష్ట్రంలో ఉన్న బంధువు చెప్పింది నమ్మి ఊరుకోవద్దు.

మార్కెట్‌ప్లేస్ ఇన్సూరెన్సు (ప్రభుత్వ సైటులో సబ్సిడీతో కొనుక్కునే ప్రైవేటు బీమా) సంగతి 2026లో బాగా మారింది. ఇదివరకు ఆదాయం దారిద్ర్య రేఖ కంటే తక్కువగా ఉండి, ఇమిగ్రేషన్ స్టేటస్ వల్ల మెడికెయిడ్ దొరకనివాళ్లకి ప్రత్యేకంగా సబ్సిడీ ఇచ్చేవారు. సున్నా ఆదాయం చూపించిన అమ్మానాన్నలు చాలామంది ఆ దారిలోనే దాదాపు ఉచిత ప్లాన్లు తీసుకున్నారు. 2025 జూలై 4న సంతకమైన చట్టం ఆ దారిని 2026 జనవరి 1 నుంచి మూసేసింది. పాత ప్లాను రెన్యూ అయిందనుకుని బిల్లు చూసి గాభరా పడ్డవాళ్లకి కారణం ఇదే. పిల్లలు టాక్స్ రిటర్నులో తల్లిదండ్రుల్ని డిపెండెంట్లుగా చూపిస్తే లెక్క వేరు. అప్పుడు చూసేది పిల్లల ఇంటి మొత్తం ఆదాయం. అది రేఖకి 400 శాతం దాటితే సబ్సిడీ ఉండదు, ఎందుకంటే కోవిడ్ కాలంలో పెంచిన సబ్సిడీలు 2025తో అయిపోయాయి.

నల్లపూస

ఐదేళ్లు నిండితే మెడికెయిడ్, ఎస్ఎస్ఐ (ఆదాయం తక్కువున్న పెద్దవాళ్లకి సోషల్ సెక్యూరిటీ నెలనెలా ఇచ్చే నగదు సాయం) రెండూ వచ్చేస్తాయా మరి?

వీధిబడి

ఎస్ఎస్ఐ రాదు. 1996 ఆగస్టు 22 తర్వాత వచ్చిన గ్రీన్ కార్డుదారుకి ఐదేళ్లు దాటడంతో పాటు 40 క్వార్టర్లు కావాలి, లేదా పౌరసత్వం కావాలి. ఉద్యోగం చేయని తల్లిదండ్రులకి అసలైన దారి పౌరసత్వమే.

మెడికెయిడ్ విషయంలో ఐదేళ్లు దాటాక కూడా ఒక అడ్డు మిగులుతుంది. గ్రీన్ కార్డు కోసం ఇచ్చే పోషణ హామీ ఫారం ఐ-864 మీద సంతకం పెట్టిన స్పాన్సరు ఆదాయాన్ని పెద్దవాళ్ల ఆదాయంగా లెక్కేయవచ్చు, దాన్ని డీమింగ్ అంటారు. ఎంత గట్టిగా అమలు చేస్తారన్నది రాష్ట్రాన్ని బట్టి. తల్లిదండ్రులు పౌరులయ్యేదాకా, లేదా 40 క్వార్టర్లు వచ్చేదాకా, లేదా దేశం వదిలి శాశ్వతంగా వెళ్లేదాకా ఆ సంతకం బతికే ఉంటుంది. పౌరసత్వ ప్రమాణం చేసిన రోజుతో డీమింగ్ పోతుంది. ఆ సర్టిఫికెట్ కాపీ మెడికెయిడ్ ఆఫీసుకీ సోషల్ సెక్యూరిటీకీ వెంటనే ఇవ్వండి, వాళ్ల కంప్యూటర్లు మాట్లాడుకుంటాయని ఎదురు చూడకండి.

కొలతగిన్నె

నేను ఎంఎస్‌పీ ఒక్కదాని మీదే రాస్తాను, తక్కువమంది వాడుకునేది అదే కాబట్టి. మూడు మెట్లు. 2026 నెలసరి ఆదాయ పరిమితులు, అందరికీ వదిలేసే 20 డాలర్లు కలుపుకుని:

క్యూఎంబీ: ఒక్కరికి 1,350, జంటకి 1,824. పార్ట్ బీ ప్రీమియం, ఉంటే పార్ట్ ఏ ప్రీమియం, డిడక్టిబుల్ (బీమా మొదలయ్యేముందు చేతినుంచి కట్టేది), కోఇన్సూరెన్స్ (ఆ తర్వాత బిల్లులో మన వాటా) అన్నీ కడుతుంది.
ఎస్ఎల్ఎంబీ: 1,616, 2,184. పార్ట్ బీ ప్రీమియం మాత్రమే.
క్యూఐ: 1,816, 2,455. అదీ పార్ట్ బీ ప్రీమియమే, కానీ ప్రతి ఏడూ మళ్లీ అప్లై చేయాలి.

ఆస్తి పరిమితి ఒక్కరికి 9,950, జంటకి 14,910. ఉంటున్న ఇల్లు, ఒక కారు లెక్కలోకి రావు. కొన్ని రాష్ట్రాల్లో ఎంఎస్‌పీకి ఆస్తి చూడనే చూడరు, న్యూయార్క్, కనెక్టికట్, ఆరిజోనా అలాంటివే. కాలిఫోర్నియా 2024లో ఆస్తి పరీక్ష ఎత్తేసి, 2026 జనవరి 1 నుంచి మళ్లీ పెట్టింది. ఒక్కరికి 1,30,000 డాలర్లు. అక్కడున్నవాళ్లు ఈసారి రెన్యువల్ ఫారంలో బ్యాంకు వివరాలు అడిగితే ఆశ్చర్యపోవద్దు, ఖాళీగా వదలొద్దు.

తేదీల తేడా చూడండి. క్యూఎంబీ మంజూరైన నెల తర్వాతి నెల ఒకటో తారీఖు నుంచే మొదలవుతుంది, వెనక్కి రాదు. ఎస్ఎల్ఎంబీ, క్యూఐ మూడు నెలలు వెనక్కి కూడా ఇస్తారు (క్యూఐ అదే క్యాలెండరు ఏడాదిలో ఉంటేనే). అందుకే క్యూఎంబీకి ఒక్కొక్క నెల ఆలస్యమూ చేతి డబ్బే.

ఎంఎస్‌పీ మంజూరైతే పార్ట్ బీ ఆలస్యపు జరిమానా పోతుంది. జనవరి నుంచి మార్చి దాకా ఉండే జనరల్ ఎన్‌రోల్‌మెంట్ కోసం ఆగక్కర్లేదు, రాష్ట్రమే ఏ నెలలోనైనా పార్ట్ బీలో చేర్పిస్తుంది. ఏళ్ల తరబడి బీ తీసుకోకుండా ఉండిపోయి, జరిమానాకి భయపడి ఇంకా దూరంగా ఉండేవాళ్లకి ఇది చెప్పండి.

పార్ట్ ఏ ఉచితంగా రానివాళ్లకి క్యూఎంబీ కావాలంటే ఒక చిక్కుంది. నెలకి 565 కట్టలేరు, కట్టి చేరితే తప్ప క్యూఎంబీ ఇవ్వరేమోనని ఆగిపోతారు. సోషల్ సెక్యూరిటీ ఆఫీసులో "కండిషనల్ పార్ట్ ఏ" అని అడగాలి. క్యూఎంబీ మంజూరైతేనే పార్ట్ ఏ మొదలవ్వాలి, లేకపోతే వద్దు అని దాని అర్థం. ఆ రసీదు పట్టుకుని మెడికెయిడ్ ఆఫీసుకి వెళ్లాలి. ఎక్కువ రాష్ట్రాల్లో ఏ నెలలోనైనా చెల్లుతుంది. కొన్ని రాష్ట్రాల్లో జనవరి 1, మార్చి 31 మధ్యే. కౌంటర్లో మనిషికి ఈ మాట కొత్తయితే, అప్లికేషన్ రిమార్క్స్ గడిలో కండిషనల్ అన్న మాట కనిపించేలా రాయించి, కాపీ తీసుకుని బయటికి రండి.

ఊరబావి

కొలతగిన్నె గారూ, చిన్న సవరింపు. ఎంఎస్‌పీకి మెడికెయిడ్ ఆఫీసు ఒక్కటే దారి కాదు. ఎక్స్‌ట్రా హెల్ప్ కోసం ఎస్ఎస్ఏ-1020 ఫారం నింపితే, వద్దని మీరు టిక్ పెడితే తప్ప, సోషల్ సెక్యూరిటీ ఆ వివరాల్ని రాష్ట్రానికి పంపుతుంది, అది ఎంఎస్‌పీ అప్లికేషన్‌గా మొదలవ్వాలి.

కొలతగిన్నె

నిజమే, "మొదలవ్వాలి". రాష్ట్రం తర్వాత ఇంకా కాగితాలు అడుగుతుంది, ఆ ఉత్తరం వేరే చిరునామాకి పోతే అక్కడే ఆగుతుంది. అందుకే రెండుచోట్లా ఇవ్వమంటాను. తిరుగుదారి మాత్రం గట్టిది: ఎంఎస్‌పీ ఏ మెట్టులో ఉన్నా ఎక్స్‌ట్రా హెల్ప్ దానంతటదే వస్తుంది. 2026లో జెనెరిక్ మందుకి 5.10, బ్రాండ్ మందుకి 12.65 డాలర్లకి మించి తీసుకోకూడదు, ఏడాదిలో మందుల ఖర్చు 2,100 చేరాక సున్నా. పార్ట్ డీ (మెడికేర్ మందుల బీమా) ఆలస్యపు జరిమానా కూడా ఉండదు.

కాగితం రంగు చూడండి. ఊదా రంగు కాగితం వస్తే ఎక్స్‌ట్రా హెల్ప్ వచ్చిందని. సెప్టెంబరులో బూడిద రంగు కాగితం వస్తే వచ్చే ఏడాదికి ఆటోమేటిక్‌గా రాదని, దానితో పాటే అప్లికేషనూ ఉంటుంది. దాన్ని పారేయకండి. మెడికెయిడ్ పోయినా ఎక్స్‌ట్రా హెల్ప్ వెంటనే పోదు. జూలై, డిసెంబరు మధ్య ఒక్క నెల మెడికెయిడ్ ఉన్నా వచ్చే ఏడాది డిసెంబరు దాకా నిలుస్తుంది. ఫార్మసీలో "నీకు పోయింది" అంటే ఈ తేదీలు అడగండి.

గడియారంముల్లు

క్యూఎంబీ ఉన్నా డాక్టరాఫీసుల నుంచి 20 శాతం బిల్లులు వస్తూనే ఉంటాయి. పెద్దవాళ్లు పరువు కోసం కట్టేస్తారు. ఎంతవరకు కట్టాలి?

ఊరబావి

మెడికేర్ కవర్ చేసే సేవకి డిడక్టిబుల్, కోఇన్సూరెన్స్, కోపే ఏదీ కట్టక్కర్లేదు. క్యూఎంబీ ఉన్నవారిని ఆ డబ్బు అడగకూడదని సోషల్ సెక్యూరిటీ చట్టం 1902వ సెక్షనే చెబుతోంది. మూడు అపోహలు వదిలించుకోండి. "మేం మెడికెయిడ్ తీసుకోం కాబట్టి మాకు వర్తించదు" అంటారు, వర్తిస్తుంది, మెడికేర్ తీసుకుంటే చాలు. "మా రాష్ట్రం మాకేమీ ఇవ్వలేదు కాబట్టి మీరివ్వాలి" అంటారు, రాష్ట్రం సున్నా ఇచ్చినా పేషెంటుని అడగకూడదు. "మీది అడ్వాంటేజ్ ప్లాను" (మెడికేర్ కవరేజీని ప్రైవేటు కంపెనీ ద్వారా ఇచ్చేది) అంటారు, దానికీ ఇదే నియమం. కొన్ని రాష్ట్రాల్లో మెడికెయిడ్ వారి చిన్న కోపే ఒకటి ఉండొచ్చు, అంతే.

బిల్లు వచ్చినప్పుడు చేయాల్సింది ఇలా. మెడికేర్ పంపే సమ్మరీ నోటీసు తీయండి. క్యూఎంబీ ఉన్నట్టు అందులో రాసి ఉంటుంది, మీరు కట్టాల్సింది అన్న గడిలో సున్నా ఉంటుంది. బిల్లులోని సర్వీసు తేదీనీ నోటీసులోని తేదీనీ పక్కపక్కన పెట్టి చూడండి. ఆ తేదీ క్యూఎంబీ మొదలైన తేదీ కంటే ముందైతే ఈ రక్షణ లేదు, అక్కడ వాదించి లాభం లేదు. తర్వాతైతే బిల్లింగ్ విభాగానికి ఫోన్ చేసి "మెడికేర్ ఎలిజిబిలిటీ సిస్టంలో క్యూఎంబీ చూడండి" అనండి. 2017 చివరి నుంచి ఆ సమాచారం వాళ్ల తెరమీదే కనిపిస్తుంది. వినకపోతే 1-800-633-4227, మెడికేరే వాళ్లకి ఉత్తరం రాస్తుంది. అడ్వాంటేజ్ ప్లానైతే ముందు ప్లానుకి. కట్టేసిన డబ్బు తిరిగి అడగొచ్చు. బకాయి వసూలు కంపెనీకి వెళ్లిపోతే సీఎఫ్‌పీబీలో (వినియోగదారుల ఆర్థిక ఫిర్యాదులు చూసే ఫెడరల్ సంస్థ) ఫిర్యాదు.

పళ్లు, వినికిడి యంత్రం లాంటివి మెడికేర్ కవర్ చేయనివి. వాటికి ఈ రక్షణ లేదు. అవి మెడికెయిడ్ కవర్ చేస్తుందా అన్నది మీ రాష్ట్రం సంగతి.

నల్లపూస

ఇండియా ప్రయాణం? ఆరు నెలలు అక్కడ ఉండొస్తే ఏం పోతుంది?

లెక్కలపుస్తకం

ఒక్కొక్కటి ఒక్కోలా. ఎస్ఎస్ఐ: 30 రోజులు వరసగా దేశం బయట ఉంటే ఆగిపోతుంది, తిరిగొచ్చి 30 రోజులు ఇక్కడ ఉన్నాకే మళ్లీ మొదలు. మెడికేర్: పోదు, ప్రీమియం నడుస్తూనే ఉంటుంది, కానీ ఇండియా ఆసుపత్రికి పైసా ఇవ్వదు. మెడికెయిడ్: తిరిగొచ్చే ఉద్దేశంతో తాత్కాలికంగా వెళ్తే నివాసం పోదంటారు గానీ, ఎన్నాళ్లన్నది రాష్ట్రం నియమం, వెళ్లేముందు అడగాలి. అసలు ప్రమాదం రెన్యువల్ ప్యాకెట్ ఇంటి డబ్బాలో పడి ఉండటం. టికెట్టు కొనేముందు రెన్యువల్ నెల ఏదో చూసుకోండి.

గ్రీన్ కార్డు మీద ఉన్నవాళ్లకి ఇంకోటి. 180 రోజులు దాటి బయట ఉండి వస్తే, తిరిగి వచ్చేటప్పుడు కొత్తగా ప్రవేశం కోరినట్టు పరిగణించి పబ్లిక్ చార్జ్ (ప్రభుత్వ సాయం మీద ఆధారపడతారా అన్న) ప్రశ్నలు అడగొచ్చు. మెడికెయిడ్ తీసుకుంటున్న పెద్దవాళ్లు 180 రోజుల్లోపు తిరిగి రావడమే మంచిది. పౌరసత్వం తీసుకున్నవాళ్లకి ఈ బాధ లేదు.

ఆస్తి పరీక్ష ఉన్నచోట ఇండియాలో ఉన్నది కూడా లెక్కే. అక్కడి ఫిక్స్‌డ్ డిపాజిట్ ఆస్తి, దాని వడ్డీ ఆదాయం. తండ్రి పేర అమ్మగలిగిన పొలం ఉంటే అదీ ఆస్తే. అన్నదమ్ముల మధ్య పంపకం కాని ఉమ్మడి ఆస్తి, కోర్టులో ఉన్న భూమి లాంటివి అమ్మే వీలు లేదని కాగితాలతో చూపించాలి. "అక్కడిది వీళ్లకి ఎలా తెలుస్తుంది" అని ఫారంలో లేదని రాస్తే అది తప్పుడు ప్రకటన. తర్వాత బయటపడితే కట్టిన డబ్బంతా వెనక్కి అడుగుతారు, పౌరసత్వ ఇంటర్వ్యూలోనూ తలనొప్పే.

ఉమ్మడి బ్యాంకు ఖాతా సంగతి కూడా. కొడుకు ఖాతాలో తల్లి పేరు సౌకర్యం కోసం చేర్చి ఉంటే, ఎస్ఎస్ఐ లెక్కలో ఆ మొత్తమంతా తల్లిదే అనుకుంటారు. ఆవిడ డబ్బు కాదని నిరూపించుకునే అవకాశం ఇస్తారు గానీ అది పెద్ద తతంగం. ఎస్ఎస్ఐ ఆస్తి పరిమితి ఒక్కరికి 2,000, జంటకి 3,000 డాలర్లు, 1989 నుంచి మారలేదు. ఆ పక్కన పిల్లల ఖాతా పెడితే ఏమవుతుందో చూడండి. ఇంకో చిన్న తేడా: నెలనెలా చేతికి నగదు ఇస్తే అది ఎస్ఎస్ఐ లెక్కలో ఆదాయం. ఫోను బిల్లు నేరుగా కంపెనీకి కట్టేస్తే ఆదాయం కాదు.

గడియారంముల్లు

మెడికెయిడ్ తీసుకుంటే చనిపోయాక ఇల్లు లాక్కుంటారని భయపడి అప్లై చేయనివాళ్లున్నారు.

వీధిబడి

ఎస్టేట్ రికవరీ నిజమే, 1993 నుంచి అన్ని రాష్ట్రాలకీ తప్పనిసరి. 55 ఏళ్లు దాటాక తీసుకున్న నర్సింగ్ హోం సంరక్షణ, ఇంటి దగ్గరి దీర్ఘకాలిక సంరక్షణ, వాటికి సంబంధించిన ఆసుపత్రి, మందుల ఖర్చు వసూలు చేయాలి. మిగతా ఖర్చులు కూడా వసూలు చేయాలా వద్దా అన్నది రాష్ట్రం ఇష్టం. జీవిత భాగస్వామి బతికి ఉన్నంతకాలం, 21 ఏళ్లలోపు పిల్లలు గాని, చూపు లేని లేదా వైకల్యమున్న సంతానం గాని ఉన్నంతకాలం వసూలు చేయకూడదు. ఉన్న ఇల్లు పిల్లలదైతే, పెద్దవాళ్ల పేర ఏమీ లేకపోతే, వసూలు చేయడానికేమీ ఉండదు.

ఇందులో చాలామందికి తెలియనిది: ఎంఎస్‌పీ కింద 2010 జనవరి 1 నుంచి కట్టిన మెడికేర్ ఖర్చుల్ని ఎస్టేట్ నుంచి వసూలు చేయకూడదు. కాబట్టి ఇంటి భయంతో ఎంఎస్‌పీ మానుకోవడంలో అర్థం లేదు. నర్సింగ్ హోం మెడికెయిడ్ కావాలనుకునేవాళ్లు మాత్రం పిల్లల పేర ఆస్తులు రాసేయకముందు ఆలోచించాలి. గత 60 నెలల్లో ఊరికే ఇచ్చేసినవన్నీ చూస్తారు, ఇండియాలో రాసిచ్చిన గిఫ్ట్ డీడ్ కూడా.

పాతపోస్టుడబ్బా

ఇక తీసేస్తున్నామన్న నోటీసు వచ్చాక ఏం చేయాలో నేనే రాస్తాను, ఇక్కడ రోజులే ముఖ్యం.

మెడికెయిడ్ తీసేయడానికి కనీసం 10 రోజుల ముందు రాతపూర్వకంగా చెప్పాలి. నోటీసులో రెండు తేదీలు ఉంటాయి: నోటీసు తేదీ, కవరేజీ ఆగే తేదీ. ఆగే తేదీకి ముందే ఫెయిర్ హియరింగ్ (ఆ నిర్ణయం మీద అప్పీలు విచారణ) అడిగితే, తీర్పు వచ్చేదాకా కవరేజీ కొనసాగుతుంది. కొనసాగించమని అదే కాగితంలో అడగండి. ఆ తేదీ దాటినా హియరింగ్ అడిగే గడువు ఉండొచ్చు (గరిష్ఠం 90 రోజులు, మీ నోటీసులో ఎంతో చూడండి), కానీ మధ్యలో కవరేజీ ఉండదు. ఓడిపోతే ఆ నెలల ఖర్చు తిరిగి అడిగే హక్కు రాష్ట్రానికి ఉంది. అర్హత నిజంగానే ఉండి కాగితమే తక్కువైన కేసుల్లో ఆ భయం పెట్టుకోనక్కర్లేదు.

రాయాల్సింది నాలుగు ముక్కలు: పేరు, కేసు నంబరు, "ఫలానా తేదీ నోటీసుతో ఏకీభవించను, ఫెయిర్ హియరింగ్ కావాలి", "తీర్పు దాకా నా కవరేజీ కొనసాగించండి". సంతకం, తేదీ. కారణాలు పేజీలకు పేజీలు రాయక్కర్లేదు. ఫ్యాక్స్ చేసి కన్ఫర్మేషన్ పేజీ దాచుకోండి. ఆన్‌లైన్‌లో పెడితే స్క్రీన్‌షాట్, ఆఫీసులో ఇస్తే తేదీ ముద్ర వేసిన కాపీ. ఫోన్లో చెప్పిందొక్కటే నమ్ముకుంటే తర్వాత చూపించడానికేమీ ఉండదు. హియరింగ్ అడుగుతూనే తక్కువైన కాగితం కూడా పంపేయండి, చాలా కేసులు హియరింగ్ దాకా వెళ్లకుండా అక్కడే సర్దుకుంటాయి.

ఇంగ్లిషులో ఇబ్బంది ఉంటే తెలుగు ఇంటర్‌ప్రెటర్ అడగండి. మెడికెయిడ్ ఆఫీసులోనూ సోషల్ సెక్యూరిటీలోనూ ఉచితం. మనవడిని పక్కన కూర్చోబెట్టి అనువదించమనడం వద్దు, "డీమింగ్", "కండిషనల్" లాంటి మాటలు ఆ పిల్లాడికీ తెలియవు.

నల్లపూస

2025 జూలై నాటి ఆ కొత్త చట్టం వల్ల పెద్దవాళ్లకి కూడా పని చేస్తేనే మెడికెయిడ్ అంటున్నారు కదా?

ఊరబావి

65 దాటినవాళ్లకి కాదు. 2027 జనవరి 1 కల్లా రాష్ట్రాలు అమలు చేయాల్సిన నెలకి 80 గంటల పని నియమం, మెడికెయిడ్ విస్తరణ (ఆదాయం తక్కువున్న పని వయసువాళ్లకీ ఇచ్చేలా పెంచిన భాగం) కింద ఉన్న 19 నుంచి 64 ఏళ్ల వాళ్లకి. ఆరు నెలలకోసారి రెన్యువల్ కూడా ఆ గుంపుకే. అంటే ఒకే ఇంట్లో 68 ఏళ్ల తండ్రికి ఏడాదికోసారి కవరు, 61 ఏళ్ల తల్లికి ఆరు నెలలకోసారి కవరు రావచ్చు. తేదీలు విడివిడిగా రాసిపెట్టుకోండి. 13 ఏళ్లు, అంతకంటే చిన్న పిల్లల్ని చూసుకునే సంరక్షక బంధువులకీ, తీవ్రమైన ఆరోగ్య సమస్యలున్నవాళ్లకీ మినహాయింపు ఉంది, కానీ దాన్ని చూపించుకోవాలి.

అందరికీ తగిలేది ఇంకోటి. ఇప్పుడు అప్లై చేసిన నెలకి ముందు మూడు నెలల బిల్లులు కూడా మెడికెయిడ్ కట్టగలదు. 2027 జనవరి నుంచి 65 దాటినవాళ్లకి అది రెండు నెలలకి తగ్గుతుంది. ఆసుపత్రిలో చేరినప్పుడు "డిశ్చార్జి అయ్యాక చూద్దాం" అనుకుంటే ఆ నెల జారిపోతుంది. ఆసుపత్రిలో ఫైనాన్షియల్ కౌన్సిలర్ ద్వారా అప్లికేషన్ అప్పుడే వేయించండి.

శరణార్థులుగా, ఆశ్రయం పొంది ఉన్నవాళ్లకి మెడికెయిడ్, మెడికేర్ రెండింటిలోనూ కోతలు వచ్చాయి. మెడికెయిడ్‌వి 2026 అక్టోబరు 1 నుంచి. గ్రీన్ కార్డు వాళ్లు ఆ కోతలో లేరు.

కొలతగిన్నె

ఇంకో మాట. మెడికేర్, మెడికెయిడ్ రెండూ ఉన్నవాళ్ల ఫోన్లకి "ఉచిత కిరాణా కార్డు" అంటూ వచ్చే కాల్స్ చాలావరకు అడ్వాంటేజ్ ప్లాన్ల అమ్మకాలే. అవునంటే ప్లాను మారిపోతుంది, పాత డాక్టరు నెట్‌వర్క్‌లో ఉన్నారో లేదో తర్వాత తెలుస్తుంది. రెండూ ఉన్నవాళ్లు ఏ నెలలోనైనా ఒరిజినల్ మెడికేర్‌కి (ప్రభుత్వమే నేరుగా నడిపేది), విడి మందుల ప్లానుకి వెనక్కి రావచ్చు, తర్వాతి నెల ఒకటి నుంచి అమలవుతుంది. ప్లాను మార్చేముందు షిప్ (ప్రతి రాష్ట్రంలో ఉండే మెడికేర్ సలహా కార్యక్రమం) కౌన్సిలర్‌ని అడగండి. ఉచితం, కమిషన్ లేదు. కాలిఫోర్నియాలో హైకాప్ అంటారు, ఫ్లోరిడాలో షైన్, వాషింగ్టన్‌లో షిబా.

గడియారంముల్లు

చివరిగా ఒకటి. రెన్యువల్ ప్యాకెట్ ఆన్‌లైన్‌లో అప్‌లోడ్ చేస్తే చాలా, పోస్టులో కూడా పంపాలా?

పాతపోస్టుడబ్బా

ఒకటి చాలు. రెండు దారుల్లో పంపితే కొన్ని ఆఫీసుల్లో రెండు ఫైళ్లుగా తెరిచి, ఒకదానికి కాగితాలు లేవని నోటీసు పంపుతారు. ఆన్‌లైన్‌లో పెట్టేటప్పుడు బ్యాంకు స్టేట్‌మెంటు అన్ని పేజీలూ పెట్టండి, "6లో 6వ పేజీ" ఖాళీగా ఉన్నా సరే. ఫోటోలో మూలలు కత్తిరించుకుపోకుండా చూసుకోండి, తేదీ కనపడకపోతే వెనక్కి పంపుతారు. ప్రతి పేజీ పైన కేసు నంబరు చేత్తో రాయండి. ఐదు పని దినాల తర్వాత ఫోన్ చేసి "అందింది" కాదు, "పరిశీలనలో ఉంది" అన్నారా అని అడగండి. అందడం వేరు, కేసులో చేరడం వేరు.